పదో ట్యూబు

పోర్ట్‌లీష్,
మంగళవారం.

నవీనక్కకు,

ఫోన్లో చెబితే ఇక్కడి ఐరిష్ వాళ్ళలా "గ్రాండ్, అంతా బాగుంది, ఏం కాదులే" అని మాట దాటేస్తావు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం మీ తలుపు సందులో వేసి వెళ్తున్నాను. హేమచంద్ బావగారికి కూడా చూపించు.

శుక్రవారం స్లైగో ఊళ్ళోని మన తెలుగు డాక్టర్లకు వెళ్ళాల్సిన మీ గోంగూర పప్పు పొట్లాలు ఆపండి. వాటికి ఫరవాలేదని నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.

మీ పప్పు పొట్లాల యూనిట్లో నా పని నీకు తెలుసు. పప్పులో మొండి క్రిములు కలిపి, చిన్న ట్యూబుల్లో పోసి, వేడి చేసి, ఎన్ని నిమిషాలకు పదింట తొమ్మిది వంతులు చస్తున్నాయో చూస్తాను. పొట్లాలను ఆవిరి యంత్రంలో ఎంతసేపు ఉంచాలో ఆ లెక్కే చెబుతుంది. గోంగూర పుల్లన కాబట్టి క్రిములు వేడికి తొందరగా లొంగుతాయి, తక్కువసేపు చాలు. ఆఖరి వరసలో పది ట్యూబులు పెట్టాను. తొమ్మిది శుభ్రంగా ఉన్నాయి. పదోది నాలుగో రోజుకి పొంగింది, అంటే అందులో క్రిములు చావలేదు.

దాన్ని నేను లెక్కలోంచి కొట్టేశాను. ఎందుకో చెబితేగానీ నీకు అర్థం కాదు. డబ్లిన్‌లో నా మొదటి ఉద్యోగంలో ఒక పరీక్ష చెడిపోతే, మేనేజరు అందరి ముందూ "ఈ అమ్మాయి చేతులే కారణం" అన్నాడు. ఆ తర్వాత నన్ను ల్యాబులోకి రానివ్వలేదు. ఈ సంగతి మా ఆయన రఘువీర్‌కి కూడా చెప్పలేదు. ఆరేళ్ళయినా గ్లౌజులు వేసుకునేటప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. పదో ట్యూబు చూడగానే మళ్ళీ నా చేతులే అనుకున్నాను. సిగ్గుతో దాచాను. నా తప్పే అయినా, తేల్చుకోకుండా కొట్టేసే హక్కు నాకు లేదు కదక్కా. ఆ పప్పు తిని ఎవరికైనా ఏమైనా అయితే? వారం రోజులుగా అన్నం సహించడం లేదు. నువ్వు నాతో మాట్లాడడం మానేసినా సరే, పొట్లాలు మాత్రం పంపకు.

నీ
మైథిలి

పోర్ట్‌లీష్,
బుధవారం.

మైథిలీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పొట్లాలన్నీ ఆపేశాం.

ఇప్పుడు నా సంగతి విను. పరీక్షకని నీకు మూడు డబ్బాల పప్పు ఇచ్చాను కదా. మూడోది వండేసరికి స్వోర్డ్స్ ఊళ్ళోని మన ఇండియన్ షాపులో గోంగూర అయిపోయింది. పాలకూర వేసి, కాస్త చింతపండు పిసికాను. నాలుకకి పుల్లగా తగిలితే చాలనుకున్నాను. చెబితే మళ్ళీ మొదట్నుంచీ పరీక్ష అంటావని చెప్పలేదు. నువ్వేమో నన్ను నమ్మి మొదటి డబ్బా పులుపే కొలిచావు. పులుపు చాలకపోతే క్రిములు అంత తేలిగ్గా చావవని నువ్వే ఎన్నోసార్లు చెప్పావు. ఇవాళ నీ కాగితాలు తీసి చూశాను. మూడో డబ్బాలోంచి నువ్వు నింపింది ఒక్క ట్యూబే. అది పదోది. శుక్రవారం వెళ్ళాల్సిన పొట్లాల్లో సగం ఆ పాలకూరవే.

నీ చేతుల్లో ఏ తప్పూ లేదమ్మా. ఆరేళ్ళు మోసిన మాటకి నేను ఇంకో వారం కలిపాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

పొట్లాలు దించుతుంటే మా ఆశ్రిత, "మామ్, ఈజ్ ద పప్పు నాట్ గ్రాండ్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను.

రేపు పొద్దున్నే వస్తాను. పదో ట్యూబుని మళ్ళీ లెక్కలోకి ఎక్కించు. దాని పక్కన పాలకూర అని నా చేత్తో రాసి, కింద నేనే సంతకం పెడతాను.

నీ అక్క,
నవీన