పది స్పానిష్ మాటలు

మదర్ గారికి,

ఈ ఉదయం నేను స్నానాలగదికి వెళ్లేసరికి సిస్టర్ పిలార్ వీపు ఎర్రగా కందిపోయి ఉంది. ఈ వారం వంతు ఆయా మస్తానమ్మక్కది. "సిస్టరమ్మ ప్రార్థన చేసుకుంటా ఉండాది, పలకరించబాక పాపా" అంది, చెంబుతో నీళ్లు పోయడం ఆపకుండా.

పక్షవాతంతో సిస్టర్‌కు తెలుగు, ఇంగ్లీషు పోయి, పుట్టింటి స్పానిష్ ఒక్కటే మిగిలింది. ఆ భాష నేర్చుకుంటానంటే మీరు నవ్వారు. "ఏళ్లు పడుతుంది పాపా. ఇప్పుడు ఆమెతో మాట్లాడేదేముంది?" అన్నారు. నాకు ఏడు నెలలు పట్టింది. ఇప్పటికీ పుస్తకం చదవలేను. కానీ ఆ ప్రార్థన మాత్రం అర్థమైంది. "నీళ్లు కాలుతున్నాయి, ఆపండి" అంటోంది ఆమె, రోజూ.

ఆ నాలుగు మాటలు తెలుసుకోవడానికి ఒక్క పూట చాలు మదర్. మఠంలో ఇంతమంది ఉండి ఎవరూ ఆ పూట ఇవ్వలేదు. సిస్టర్ మాత్రం మన ఊరు బోగోలు వచ్చిన ఏడాదికే మన మాట నేర్చుకుంది. మా అందరికీ పాఠం చెప్పింది, మన యాసలోనే తిట్టింది.

ఆయాలు వారానికొకరు మారతారని, నీళ్లు, వేడి, నొప్పి, చాలు లాంటి పది మాటలు తెలుగు అక్షరాల్లో రాసి స్నానాలగది తలుపుకు అంటించాను. బిషప్ గారు వస్తున్నారని నిన్న మీరు దాన్ని చింపించారు. తలుపు శుభ్రంగా ఉంది. ఆమె వీపు చూడండి.

మళ్లీ రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రేపు స్నానానికి ముందే మీ చేత్తో అంటించండి. మస్తానమ్మక్కను ఏమీ అనకండి. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జబ్బు చేసిన తొలి రెండు నెలలు, ఆ ప్రార్థన వింటూనే సిస్టర్‌కు నీళ్లు పోసింది నేనే.