వేలికి తగిలిన అక్షరాలు

ప్లేనో, 2013 అక్టోబర్ 11, శుక్రవారం

కంప్యూటర్స్ మానేసి ఇంగ్లిష్ లిటరేచర్ చదువుతానంటున్న మా అమ్మాయి మౌనికకు నచ్చజెప్పి రమ్మని ఆయన నన్ను దాని కాలేజీకి పంపారు. అది నన్ను తిన్నగా లైబ్రరీకి తీసుకెళ్లి, మెత్తటి దిండు మీద పెట్టిన లావుపాటి పాత పుస్తకం చూపించింది. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఒకావిడ రాసిన కథ అది.

“టచ్ చెయ్యొచ్చమ్మా. లేడీస్ కథలు రాయకూడదు, కుట్టుపని చేసుకో అని చెప్పారంట ఈమెకి. స్టిల్, షి కెప్ట్ రైటింగ్.”

కాగితం బట్టలా మందంగా ఉంది. అచ్చు నొక్కిన చోట అక్షరాలు వేలికి తగిలాయి. ఎవరు చదువుతారని అంత రాసిందో ఆ తల్లి. చెప్పాలని వెళ్లిన మాట పక్కన పెట్టి, ఇంకో పేజీ తిప్పమన్నాను.

ఇంటికొచ్చాక ఆయన “చెప్పావా?” అన్నారు. చెప్పలేదన్నాను, పుస్తకం సంగతంతా చెప్పాను.

“ఆ డిగ్రీతో జాబ్ ఎవరిస్తారు?” అన్నారు. నా భయమూ అదే, ఇప్పటికీ పోలేదు.

మళ్లీ ఆయనే, “ఇంతకీ ఆ కథలో ఏమవుతుంది?” అని అడిగారు.

నాకు తెలియదు. మౌనికకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. చాలాసేపు చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.