నెలకు రెండు వందల గ్రాములు

అశోక్‌నగర్,
మంగళవారం

చిరంజీవి సంధ్యకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను బాగున్నాను. ఊళ్లో నాన్న, నానమ్మ కులాసాగానే ఉన్నారని నిన్న ఫోన్లో తెలిసింది. మీ గురుకులంలో ఫోన్లు ఇవ్వకపోవడం ఒకందుకు మంచిదే. ఈ సంగతి నోటితో చెప్పవలసివస్తే మధ్యలో ఆపేసేదాన్ని.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. హాస్టల్లో నాకు కింది మంచమే ఇచ్చారు. గదిలో మిగతా ముగ్గురూ గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలు. నన్ను అక్క అనాలో ఆంటీ అనాలో తేలక మేడంతో సరిపెడుతున్నారు. ఈ వయసులో ఎమ్మెస్సీ ఏమిటని చిక్కడపల్లి జిరాక్సు షాపాయన కూడా ఆరా తీశాడు. జనం తిండి గురించి చదువుతున్నానంటే, వంటలు నేర్పుతారా అన్నాడు. ఎవరికి ఎంత తిండి అందుతోంది, అందనిచోట ప్రభుత్వం ఏం చేయాలి, ఇదీ మా చదువు. ఇది పూర్తయితే సూపర్‌వైజర్‌వి అవుతావా అని అడిగావు. దానికి జవాబు కిందికి వస్తే దొరుకుతుంది.

పోయిన నెల మా ప్రొఫెసర్ సుధీంద్ర గారు ఏదో అంగన్‌వాడీ రిజిస్టరు పేజీని ఊరి పేరు కొట్టేసి తెర మీద చూపించారు. అందులో పిల్లలందరూ నెలకు సరిగ్గా రెండు వందల గ్రాములు పెరిగారు. జ్వరమొచ్చి బరువు తగ్గిన వాళ్లు ఒక్కరూ లేరు. వీళ్లు పిల్లలా, పేర్చిన ఇటుకలా అన్నారాయన. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అది ఊళ్లో నేను టీచరుగా ఉన్న సెంటర్ పేజీ కాదు. కానీ కొన్నేళ్ల కిందట పిల్లల్ని తూచే మా కాంటా కొక్కెం విరిగి ఎనిమిది నెలలు కొత్తది రానప్పుడు నేనూ అలాగే రాశాను. గడులు ఖాళీగా ఉంటే మెమో వస్తుందని భయం. పోయిన నెల అంకెకు రెండు వందలు కలిపితే చాలు, తనిఖీ గడిచిపోతుంది.

తర్వాతి వారం సర్వే కోసం లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఒక బస్తీకి వెళ్తే మాసమ్మ కనిపించింది. ఊళ్లో వాళ్లది మన సెంటర్ వెనక ఇల్లు, ఇక్కడికి కట్టుబడి పనికి వచ్చింది. పక్కన కూతురు నర్మద. ఎనిమిదేళ్లు నిండినా చూడ్డానికి నాలుగేళ్ల పిల్లలా ఉంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. మాసమ్మ పెట్టె తెరిచి, కవర్లో జాగ్రత్తగా దాచిన బరువుల కార్డు తీసింది.

"మీరే రాసిన్రు గద మేడం, పిల్ల మంచిగ పెరుగుతున్నదని. గందుకే దవఖానకు తీస్కపోలే."

ఆమె నిష్ఠూరమాడలేదు. నన్ను నమ్మిన మనిషిలాగే చెప్పింది. ఆ రోజు ఫారం నింపుకుని వచ్చేశాను.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లి జరిగింది చెప్పాను. మాసమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే విన్నది. అంతా అయ్యాక, ఇప్పుడు తూచమంది. నర్మదను నేను తీసుకెళ్లిన తూకం మిషన్ మీద నిలబెట్టాను. అంకె నేను చదవబోతుంటే మాసమ్మ ఆపి, పదో తరగతి చదివిన పక్కింటి పెంటమ్మను పిలిచింది.

"జర నువ్వు సద్వు. ఎంతున్నదో నువ్వు చెప్పు."

పదిహేను కిలోల ఏడు వందలు అని పెంటమ్మ చదివాక, నావైపు తిరిగి "ఇగ రాయున్రి" అంది. నాకు పుట్టెడు సిగ్గేసింది. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఏ అధికారీ నన్నంత మాట అనలేదు.

సోమవారం నర్మదను దవాఖానలో చూపించాం. రక్తం చాలా తక్కువగా ఉంది, మందులు మొదలుపెట్టారు. ఎత్తు విషయం మాత్రం డాక్టరమ్మ ఏమీ హామీ ఇవ్వలేదు. అంతా ఆ ఎనిమిది నెలల వల్లే అయిందని ఎవరూ అనలేరు. కానీ అప్పుడు నిజంగా తూచి ఉంటే నేనే దవాఖానకు పంపేదాన్ని.

అదే సాయంత్రం నారాయణగూడ పోస్టాఫీసులో మా ఆఫీసుకు రిజిస్టర్డ్ ఉత్తరం వేశాను. ఆ అంకెలు తూచి రాసినవి కావని, బాధ్యత నాదేనని రాశాను. సూపర్‌వైజర్ మాట అటుంచు, ఉన్న టీచరు ఉద్యోగమే నిలుస్తుందో లేదో తెలియదు. నాన్నకు చెబితే, సంధ్యకు నువ్వే రాయి అన్నారు.

ఎందుకన్నారంటే, ఆ కార్డులో మూడు నెలల అంకెలు నీ చేతివి. నీ ఎనిమిది పైన మూతపడదు, చూడగానే గుర్తుపట్టాను. అప్పుడు నీకు పదేళ్లు. దశాంశాల కూడికలు రావడం లేదని మీ సార్ చెబితే, వరసగా మూడు నెలలు రిజిస్టరు నీ ముందు పెట్టి ఒక్కో పేరుకు రెండు వందల గ్రాములు, అంటే 0.2 కిలో, కలపమన్నాను. ముప్ఫై ఇద్దరికీ గబగబా కలిపి, నాకంటే ముందే కార్డులు కూడా నింపేశావు. నేను సరిచూసి చాక్లెట్ ఇచ్చాను. ఆఫీసుకు రాసిన ఉత్తరంలో నీ పేరు లేదు. రేపు ఎవరైనా అడిగితే మాత్రం నా కోసం దాచవద్దు.

నీ కూడికల్లో ఒక్క తప్పు కూడా లేదు బిడ్డా. తప్పు నేను కలపమన్న దాంట్లో ఉంది.

ఇట్లు,
నువ్వు ఏం రాసినా చదవడానికి సిద్ధంగా ఉన్న
అమ్మ