తూముకు కట్టిన వల

ఏలూరు,
9 సెప్టెంబరు 2007, ఆదివారం.

మీకు బేబీరాణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మగారు, మన అమ్మాయి నాగమణి అందరం బాగానే ఉన్నాం. అంత దూరం గుజరాత్‌లో, ఆ రొయ్యల చెరువుల గట్ల మీద మీరు వేళకు తింటూ క్షేమంగా ఉండాలని పెద్దింట్లమ్మ తల్లికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

మీ ఉత్తరం నెల కిందటే అందింది, జవాబు ఇన్నాళ్ళకు కుదిరింది. అంత పొడుగు ఉత్తరంలో నా గురించి "నువ్వెలా ఉన్నావు" అని ఒక్క ముక్క రాసి, మిగతాదంతా లెట్రిన్ గురించే రాశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ సంగతులు ఫోన్లో ఎందుకు చెప్పడం లేదని అడిగారు. ఎస్టీడీ బూతులో నా వెనక జనం నిలబడి ఉంటే, "ఏవండీ, మన దొడ్లో అంతా పైకి తన్నుకొస్తోందండీ" అని ఎలా అరవమంటారు? అందుకే ఉత్తరం. అన్నం తినే ముందు మాత్రం చదవకండి.

మీరు అడిగినవాటికి జవాబులు. ఫ్లష్ ట్యాంకు ఊరికే కారుతోందని రాశాను కదా, మీరు చెప్పినట్టే లోపల తెల్లబంతి ఉన్న తీగను కాస్త కిందికి వంచాను. నీళ్ళు పైదాకా రాకముందే ఆగిపోతున్నాయి. ఆ ఒక్కటీ తేలిగ్గా అయింది. గాలిగొట్టం పైన టోపీ అలాగే ఉంది, పిట్టగూడు ఏమీ లేదు. నీళ్ళు పోస్తే వెంటనే పైకి వస్తుందా, కాసేపు నిలబడి దిగుతుందా అని అడిగారు. వెంటనే వచ్చేది కాదు, దిగేదీ కాదు. కదలకుండా నిలబడేది. తర్వాత లోపలెక్కడో గుడగుడమనేది. అప్పుడు నిదానంగా పైకి వచ్చేది. నీళ్ళొక్కటే వస్తే ఇంత బాధ లేకపోయేది. ఏమేం వచ్చేవో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, మీరే ఊహించుకోండి.

రబ్బరు కప్పు కొని నొక్కమన్నారు. నొక్కాను. మొదటి నొక్కుకే మొహం మీదికి చిమ్మింది. మీరు తెచ్చిన నెమలిరంగు చీర మీదంతా పడింది. ఆ చీర మూడు నీళ్ళలో ఉతికాను, అయినా కట్టబుద్ధి కాక మూలన పడేశాను. ఆ తర్వాత యాసిడ్ పోశాను. పొగ వచ్చింది, దగ్గు వచ్చింది, బేసిన్ తెల్లగా అయింది, నీళ్ళు మాత్రం దిగలేదు. పైన బ్లీచింగ్ కూడా చల్లబోతుంటే నేను పిలిపించిన ప్లంబరు మత్తయి అప్పుడే వచ్చి చూసి కేకలేశాడు.

"అమ్మా అమ్మా, ఆ రెండూ కలపమాకండి! ఆ గదిలోనే పడిపోతారు. ముందు బయటికి రండి."

మత్తయి ఎవరో మీకు తెలియదు. మన ఎదురింటి లిడియాగారి మరిది. మంచివాడే కానీ మాటకు ముందు నవ్వుతాడు, అది చూస్తే నాకు తిక్క రేగుతుంది. లోపలికి గుడ్డలేమైనా వేశారా, పొగాకు కాడలు వేశారా అని మా ముగ్గురినీ పోలీసులా అడిగాడు. ఎవరం ఏమీ వేయలేదు. సెప్టిక్ తొట్టి నిండిపోయి ఉంటుందని చెప్పి, దాన్ని తోడే బండిని పిలిపించాడు. ఆ బండి గొట్టం తొట్టిలో దింపినప్పుడు వీధి వీధంతా కిటికీలు మూసుకున్నారు. లిడియాగారు ముక్కుకు చెంగు కట్టుకుని మా గుమ్మంలో అగరొత్తులు వెలిగించి వెళ్ళింది. ఆ కంపులో అగరొత్తుల వాసన కలిసి ఇంకా అసహ్యంగా తయారైంది. నాగమణి రెండు పూటలా అన్నం ముట్టలేదు.

అయితేనేం, బాగయిందనుకున్నాం. కొన్నాళ్ళు బాగానే ఉంది కూడా. తర్వాత మళ్ళీ మొదలు. అదే గుడగుడ, అదే రావడం. పొద్దున లేస్తే ముందు నాకు ఆ గది తలుపు తీయాలంటేనే భయం. పాత బకెట్టు, రేకు డబ్బా పెట్టుకుని ఎత్తి, పెరట్లో గొయ్యి తీసి పోసేదాన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి, పైకి తిట్టుకుంటూ పోసేదాన్ని. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. ఏలూరును తిట్టాను, వానను తిట్టాను, మిమ్మల్ని కూడా తిట్టాను. మన పాత ఊరు కొల్లేటికోటలో చెరువు గట్టు చాటుకు వెళ్ళి వచ్చిన రోజులే నయం అని కూడా అన్నాను.

ఇక ఒక మాట చెప్పాలి. పైన అందరం బాగానే ఉన్నాం అని రాశాను. అది నిజం కాదండి. అత్తయ్య కిందటి వారం ఆసుపత్రిలో ఉన్నారు. కంగారు పడకండి, ఇప్పుడు ఇంటికి వచ్చేశారు, మంచం మీద కూర్చుని ఈ ఉత్తరం రాయడం చూస్తూనే ఉన్నారు. కానీ ఆ రోజు పొద్దున్నే వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోయారు. నాలుక ఎండిపోయి ఉంది, మూత్రం మంటగా ఉందట, జ్వరం ఉందట, ఒక్క మాట కూడా నాతో అనలేదు. లిడియాగారూ నేనూ రిక్షాలో వేసుకుని తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ చూసి, "ఏం మామ్మగారూ, మంచినీళ్ళు తాగడం లేదా?" అని అడిగింది. అత్తయ్య తల దించుకున్నారు.

సెలైను ఎక్కుతుండగా పక్కన కూర్చుని నేను అడిగాను.

"ఎందుకండీ అత్తయ్యా, ఇంట్లో బిందెడు నీళ్ళు పెట్టుకుని?"

"తాగితే ఎళ్ళాలి గదమ్మా," అన్నారు. "ఎళ్తే అది ఎత్తిపోసుకోవాల్సింది నువ్వే గదా. రోజూ వింటన్నాను గదా నీ గోల. అన్నం కూడా అందుకే తగ్గించేశాను."

ఏం చెప్పమంటారు? నేను గోడలను తిట్టుకున్నాననుకున్నాను, గోడకు అవతల ఆవిడ ఉన్నారు. ఆవిడ మోకాళ్ళతో గట్టు ఎక్కలేరనే కదా ఏలూరుకు ఇల్లు మారగానే మీరు మేస్త్రీని కూడా పిలవకుండా మీ చేతులతో ఆ లెట్రిన్ కట్టారు. ఆవిడ కోసం కట్టిన దానికి భయపడి ఆవిడ నీళ్ళు మానేశారు. ఆ కంపంతా నాకు అప్పుడు నా మీదే ఉన్నట్టనిపించింది.

ఆసుపత్రి నుంచి రాగానే మత్తయిని పిలిచి, ఇవాళ ఇది తేలకపోతే నువ్వు ఇక్కడి నుంచి కదలడానికి లేదన్నాను. అతను నవ్వడం మానేశాడు.

"తొట్టి ఖాళీగా ఉన్నన్నాళ్ళూ బాగుండి, నిండగానే ఎనక్కి తంతంది. అంటే లోపలికెళ్ళే దారి బాగానే ఉందండి. తొట్టిలోంచి నీళ్ళు కాలవలోకి పోయే గొట్టం ఉంటదే, అదెక్కడుందండి?"

నాకు తెలియదు. ఇద్దరం వెతికితే ఆ గొట్టం చివర మన మెట్ల కింద, కాలవ మీద వేసిన నాపరాయి అడుగున ఉంది. మత్తయీ నేనూ గునపంతో రాయి లేపాం. అమ్మో! గొట్టం మూతికి నల్లగా, జిగటగా, తలకాయంత ముద్ద వేలాడుతోంది. జుట్టూ జిడ్డూ, చచ్చిన బొద్దింకలూ, లోపల తెల్లగా కదిలే పురుగులూ. నేను అక్కడే వాంతి చేసుకున్నాను. మత్తయి కర్రతో లాగితే రాలేదు. ఏదో కట్టి ఉందన్నాడు. నీళ్ళు పోసి కడిగితే లోపల ఒక చిన్న వల, దాని ముడి కనపడ్డాయి. నైలాను తాడు రెండు చుట్లు చుట్టి, కింది నుంచి దూర్చి బిగించిన ముడి.

ఆ ముడి నాకు తెలియదా అండీ? కొల్లేట్లో మన చేపల చెరువు గట్లు సర్కారు వాళ్ళు కొట్టేసే దాకా తూముకు మీరు కట్టిన వలలన్నిటికీ అదే ముడి. తూము కనపడితే వల కట్టడం మీకు చేతి అలవాటు. అంత ఉత్తరంలో అన్నీ అడిగారు కానీ ఈ వల మాట మీకు గుర్తు కూడా రాలేదు. చెరువులో అయితే తూము వలకు పట్టిన నాచును రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు దిగి దులుపుతారు. ఇక్కడ ఎవరు దిగి దులుపుతారనుకున్నారండీ?

మత్తయి కత్తితో తాడు కోయగానే లోపల ఆగిందంతా ఒక్కసారి విరుచుకుపడింది. పాపం, అతను నడుం దాకా తడిశాడు. పైకి వచ్చి, ఒళ్ళు కడుక్కుంటూ, "ఏం చేపలు పారిపోతాయని కట్టారండీ మీ ఆయనగారు?" అన్నాడు. ఈసారి నవ్వినా నాకు కోపం రాలేదు.

అరుగు మీద మంచంలో ఉన్న అత్తయ్య మెడ సాచి చూశారు.

"అది నా అల్లికే గదే! ఎలకలూ పాములూ లోపలికి రాకుండా కట్టుంటాడు. ఎళ్ళే ముందు 'అమ్మా, తూముకి చిన్న వల అల్లి పెట్టు' అన్నాడు. ఏ చెరువుకో అనుకున్నాను." వలను వేలితో చూపించి, "మంచి నైలానే అమ్మాయ్. రెండ్రోజులు నానబెట్టి ఉతికితే పనికొత్తది," అన్నారు.

"అది గడప ఎక్కితే నేను గడప దిగుతానండీ అత్తయ్యా," అని చెప్పి, కర్రతో ఎత్తి, మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసి వచ్చాను. మత్తయి గొట్టం చివర వంపు ముక్క తగిలించి కాలవ నీటికి పైన ఉండేలా ఎత్తి కట్టాడు, ఇక లోపలికి ఎలకలూ పాములూ ఎక్కలేవట. మీరు వచ్చాక ఈ ఇంట్లో వల కట్టాలనిపిస్తే కిటికీలకు కట్టండి, దోమలు చంపేస్తున్నాయి.

అంతా బాగయినా అత్తయ్య నీళ్ళు తాగలేదు. చెంబు ఇస్తే పెదాలు తడుపుకుని పక్కన పెట్టేసేవారు. అందుకని ఈరోజు పొద్దున గదంతా ఫినాయిలుతో కడిగి, తలుపు బార్లా తీసి, ఎదురుగా కుర్చీ వేసి ఆవిడను కూర్చోబెట్టాను. ఆవిడ కళ్ళ ముందే బకెట్టు నీళ్ళు కుమ్మరించాను. గుడగుడ లేదు. జర్రున దిగిపోయాయి.

"ఇంకోటి పొయ్యి," అన్నారు.

పోశాను. అదీ దిగిపోయింది. ఆవిడ ముందుకు వంగి లోపలికి చూసి, "ఏదీ, ఆ చెంబు ఇలా ఇయ్యి," అన్నారు. గటగటా చెంబెడూ తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్ళీ పట్టుకురమ్మన్నారు. కాసేపటికి గోడ పట్టుకుని లేచి, నా చెయ్యి వద్దని, తనే లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. గడియ పడిన చప్పుడు, తర్వాత చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు విని, ఇంకా పూర్తిగా పోని ఆ కంపులోనే గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చేశాను.

ఇట్లు,
ఎంత సబ్బు రాసినా చేతులు శుభ్రమయ్యాయని నమ్మకం కుదరని మీ ఇంటిది,
బేబీరాణి.