లిస్టులో మొదటి పేరు

2004 జూన్ 7, సోమవారం
గవర్నర్‌పేటలో రక్తదాతల సంఘం ఆఫీసు. కంప్యూటర్ మీద పూలగుడ్డ, గుడ్డ మీద దుమ్ము. కొని ఏడాదైనా ఎవరూ ముట్టుకోవడం లేదు. దీన్ని వాడుకలోకి తెమ్మని, కొనడానికి డబ్బిచ్చిన మా సంస్థవాళ్ళు నన్ను పంపారు. లేదంటే సాయం ఆపేస్తారు. దాతలకు ఫోన్లు చేసే షమీమ్‌కి నంబర్లన్నీ నోటికే వచ్చు. "ఎంత నేర్పినా వాడదమ్మా, బద్ధకం," అన్నారు సంఘం పెట్టిన మాస్టారు. నిజమే అనుకున్నా. మళ్ళీ ట్రైనింగ్ ఇస్తే సరి.

జూన్ 9
ట్రైనింగ్ ఇవ్వబోతే నాకంటే స్పీడుగా టైపు చేసింది షమీమ్! "వచ్చు మేడం. వాడను." మొండిఘటం.

జూన్ 11
ఉయ్యూరు ఆసుపత్రి నుంచి ఫోన్... కాన్పు కేసు, ఓ నెగెటివ్ కావాలి, వెంటనే. కంప్యూటర్ సత్తా చూపిద్దామని నేనే కూర్చున్నా. తెర మీద ఒకే పేరు: రవికుమార్. ఫోన్ చేశా. ఎవరో పెద్దావిడ. "బయటికెళ్ళాడమ్మా. రాగానే పంపిస్తా." 'వస్తారు' అని కొట్టా. అలా కొడితే రెండో పేరు చూపించదు — ఎవరినీ దాటెయ్యకూడదని ప్రోగ్రామ్‌లో మావాళ్ళు పెట్టిన రూలు. ఎదురుచూశాం. ఉయ్యూరు నుంచి మళ్ళీ ఫోన్, ఈసారి ఏడుపు.
అప్పటిదాకా అవతలి బల్ల దగ్గరున్న షమీమ్ వచ్చి, తెర మీద పేరు చూసి, రిసీవర్ లాక్కుని ఎవరికో చేసింది. గన్నవరం నుంచి ఒకాయన బయల్దేరాడు.
అప్పుడు చెప్పింది. "రవి మాస్టారి అబ్బాయండీ. పోయి నాలుగేళ్ళయింది. లిస్టులోంచి పేరు తీయనివ్వరు. ఫోనెత్తింది వాళ్ళమ్మగారు."
దేవుడా!
"ముందే చెప్పొచ్చుగా?"
"వాడటం లేదని తిట్టారే గానీ, ఎందుకని ఎవరడిగారు మేడం?"

జూన్ 12
తల్లీబిడ్డా క్షేమం. నిన్నటి నుంచి ఇప్పుడే అన్నం దిగింది.

జూన్ 15
మాస్టారితో మాట్లాడాం. "వాడి పేరుతోనే సంఘం మొదలైంది. నా చేత్తో కొట్టెయ్యమంటావా అమ్మా?" కోపంగా అన్నారు. ఫోనెత్తి వాళ్ళావిడ చెప్పిన మాట చెప్పా. "నిజంగా అలా అందా?" అని రెండుసార్లు అడిగారు. ఆయనకే తెలియదు! ఒకే ఇంట్లో ఉంటూ...
కొట్టెయ్యొద్దండీ, పోయినవాళ్ళకి వేరే పేజీ పెడదాం, ఫోన్లు మాత్రం వెళ్ళవు అన్నా. "అక్కడా మొదటి పేరు రవిగారిదే సార్," అంది షమీమ్. ఆయనే మౌస్ పట్టుకుని రవి పేరు ఆ పేజీలోకి మార్చారు.

జూన్ 16
రూలూ తీయించా. షమీమే పూలగుడ్డ మడిచి బీరువాలో పెట్టింది.

జూన్ 21
కంప్యూటర్ మీద షమీమ్ ఒక్కతే కాదు, అందరూ పనిచేస్తున్నారు. రిపోర్టు రాయాలి, గండం గడిచిందని... రాయబోతుంటే ఫోన్. రవి వాళ్ళమ్మగారు.
"ఆ రోజు రక్తం కావాలన్నారు, దొరికిందా అమ్మా? మళ్ళీ చెయ్యలేదే మరి? ఇకముందు కూడా మా వాణ్ణే ముందు అడగండి. వాడేమీ అనుకోడు."
సరేనండీ అనేశా. షమీమ్ నా మొహంలోకే చూస్తోంది.