పూత ఎరువు పోసే వేళ

ఓలొమోత్స్,
2026 సెప్టెంబరు 20, ఆదివారం.

ప్రియమైన రాడ్మిలాకు,

వ్లాస్తా నమస్కరించి రాయునది. నా వేళ్ళ కీళ్ళు తప్ప ఇక్కడ తక్కినదంతా క్షేమం. లిబెరెత్స్‌లో నీ మోకాళ్ళకీ, ఆ నాలుగో అంతస్తు మెట్లకీ ఇంకా రాజీ కుదరలేదనే తలుస్తాను.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకో, పడతాను. నువ్వడిగింది ఒకే ఒక్క ముక్క. "నా తోటలో గంజాయి మొక్కలు చూసి ముక్కు మూసుకున్నదానివి, ఇవాళ నీ మూడు మొక్కలూ మనిషెత్తు పెరిగి పూత పట్టాయంటే నీకు నేర్పిందెవరే?" అన్నావు. దాని కిందే ఇంకో మాట రాశావు. అక్టోబరులో కోత కోసి లేపనం కాచే రోజుకి వస్తావట, కానీ ఆ కుబీచెక్ ముఖం మాత్రం నీకు కనబడకూడదట. ఈ రెండింటికీ కలిపి జవాబు ఒక్కటే. అందుకే ఇన్నాళ్ళూ కలం కదల్లేదు.

నేర్పింది కుబీచెక్.

చించెయ్యకు. మిగతాది కూడా చదువు.

ఈ ఏడు నుంచి చట్టం మనిషికి మూడు గంజాయి మొక్కలకి ఒప్పుకుందని తెలియగానే నేను విత్తనాలు తెచ్చాను. సరదాకి కాదు. పోయిన చలికాలం నా కోటు బొత్తాలు నేను పెట్టుకోలేకపోయాను, ట్రాములో ఎవరో చిన్నపిల్ల పెట్టింది. నువ్వు పందికొవ్వులో కాచి ఇచ్చిన లేపనం చివరి సీసా అయిపోయి ఎనిమిదేళ్ళయింది. కొట్లో అమ్మేవన్నీ వాసనే తప్ప పనిచెయ్యవు. అవి రాసుకున్న ప్రతిసారీ నువ్వు గుర్తొచ్చావు.

జూన్‌లో కొట్టుకెళ్ళి మీద పువ్వు బొమ్మ ఉన్న పెద్ద సీసా కొన్నాను, పూత ఎరువు. జూలై మొదటి వారంలో కొమ్మ కణుపుల దగ్గర రెండేసి తెల్లటి వెంట్రుకలు కనిపించాయి. ఇంకేముంది, పూత వచ్చేసిందని నేను ఎగిరి గంతేశాను. వారానికి రెండుసార్లు నిండు మోతాదు పోశాను. పది రోజుల్లో కింది ఆకులు పచ్చబడ్డాయి. పై ఆకుల కొనలు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడాయి. మూడు మొక్కలే కదా, పోతే మళ్ళీ వెయ్యడానికి కాలం మించిపోయింది. ఇంకో చలికాలం ఈ వేళ్ళతోనే గడపాలా అని కంచె పక్కన కూర్చుని ఏడ్చానే, సిగ్గు లేకుండా.

అప్పుడు కంచె అవతలి తోట నుంచి కుబీచెక్ గొంతు వినిపించింది. "వ్లాస్తా గారూ, నెల తప్పిన రోజే ఉయ్యాల కట్టేశారా?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో అతను నాతో అన్న మొదటి మాట అది. నీకు తెలుసు కదా, నువ్వు వెళ్ళిపోయాక ఈ తోటల్లో అతనితో మాట్లాడినవాళ్ళు లేరు. అతని గేటు మీద ఎవరో ఎర్రరంగుతో "చాడీకోరు" అని రాశారు. అతను దానిమీద ఆకుపచ్చ రంగు వేసుకున్నాడు. మళ్ళీ రాశారు, మళ్ళీ వేసుకున్నాడు. మన తోటల క్లబ్బులో బల్ల దగ్గర చోటివ్వరని కిటికీ బయట నిలబడి బీరు తాగుతాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి.

నాకు కోపం వచ్చింది. మీకేం తెలుసు, మీరు జన్మలో ఒక్క గంజాయి మొక్కైనా పెంచారా అన్నాను. పెంచలేదని ఒప్పుకున్నాడు. "నేను చామంతుల వాణ్ణండీ. ఇదీ చామంతీ ఒకటే బుద్ధి, పగలు కురచైతే గానీ పూత పెట్టవు. నలభై ఏళ్ళు సమాధుల పండక్కి సరిగ్గా అందేలా పూయించా. నవంబరు రెండు దాటితే నా పూలు మేకలక్కూడా అక్కర్లేదు" అన్నాడు. ఇంకా ఏమన్నాడంటే, "ఆ రెండు వెంట్రుకలూ పూత కాదు. నేను ఆడదాన్నని మీతో చెప్పుకుంటోంది, అంతే. పూతకి ఇంకా నెల ఉంది. ఇప్పుడు దానికి నత్రజని కావాలి, కడుపునిండా తిండి. మీరేమో ఎదిగే పిల్లకి బాలింత పథ్యం పెడుతున్నారు."

నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

వారం రోజులు ఉత్త నీళ్ళు పోయించాడు. తరవాత పలచగా దురదగొండి ఆకు ఊరబెట్టిన నీళ్ళు, నత్రజనికి నువ్వు పోసేదే. మొక్కలు తేరుకున్నాయి, కొత్త ఆకు వేశాయి. సీసా మాత్రం అతని గుడిసెలో పెట్టించేశాడు. నా చేతికి అందితే ఆగలేనని కనిపెట్టాడు కాబోలు.

ఆగస్టు మొదటి నుంచి రోజూ పొద్దున్నే కొమ్మల చివర్లు చూడమన్నాడు. కణుపులు కాదు, చివర్లు. నేను రోజూ ఇప్పుడా అని అడిగేదాన్ని, అతను కాదనేవాడు. తొమ్మిదో తారీకున ఒక కొమ్మ చివర బొటనవేలి గోరంత తెల్ల కుచ్చు వచ్చింది. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "ఒక పిల్ల బడికెళ్ళిందని ఊరంతా చదువుకున్నట్టా? అన్ని చివర్లూ చూపించండి" అన్నాడు. పద్నాలుగున మూడు మొక్కలకీ అన్ని చివర్లా కుచ్చులు వచ్చాయి. అంతవరకు రోజుకి రెండు వేళ్ళ ఎత్తు సాగిన మొక్కలు నెమ్మదించాయి. అతను ఒక ఆకు తిప్పి, డాక్టరు పిల్లాడి నాలుక చూసినట్టు చూశాడు. సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇవాళ పోయండి. సగం మోతాదే. వారం చూసి, కొనలు మాడకపోతే అప్పుడు పెంచుదాం. కోతకి రెండు వారాల ముందు అన్నీ ఆపేసి ఉత్త నీళ్ళు" అన్నాడు.

ఇదీ నువ్వడిగిన రహస్యం. నువ్వు సెప్టెంబరు దాకా దురదగొండి నీళ్ళే గుమ్మరించేదానివి, అందుకే నీ పూత అంతా ఆకే ఉండేదట. నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. అతను మాత్రం నీ గురించి ఆ ఒక్క లోపమే చెప్పాడు. "రాడ్మిలా గారికి చెయ్యి మంచిది, ఓపికే తక్కువ" అని.

రాడ్మిలా, నాకు అరవై ఎనిమిదేళ్ళు. గొప్పవాళ్ళమనుకునేవాళ్ళని చాలామందినే చూశాను. ఇలాంటి మనిషిని చూడలేదు. ఊరంతా వెలివేసినా తన పక్క తోటలో మొక్క ఎండుతుంటే ఊరుకోలేకపోయాడు. నా దగ్గర ఒక్క కాఫీ తాగడానికి కూడా కూర్చోలేదు. కూర్చుంటే నన్నూ నలుగురూ అంటారట.

ఆ ఏడు నీ పదకొండు మొక్కలూ పోలీసులు పీక్కుపోయిన ముందురోజే అతను నీతో గట్టిగా పోట్లాడాడు, నిజమే. వాసన తన చామంతులకి పడుతోందని అరిచాడు. అందుకే అతనే పట్టించాడని నువ్వు క్లబ్బులో అందరి ముందూ అతని ముఖాన బీరు కొట్టావు. అతను ముఖం తుడుచుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా మనందరం దాన్ని తప్పు ఒప్పుకోవడం కింద జమకట్టాం. పోలీసులకి చాడీ చెప్పింది అతను కాదు. నన్ను నమ్ము.

అక్టోబరు పది, శనివారం కోస్తాం. పందికొవ్వు మా కసాయి దగ్గర చెప్పి పెట్టాను. కుబీచెక్‌ని కూడా పిలిచాను. నీ షరతు నేను ఒప్పుకోలేను.

ఇట్లు,
నీ నేస్తం
వ్లాస్తా

తా.క. ఇక్కడిదాకా రాసి కవరు అంటించాను. అతను కాదని నాకెలా తెలుసని నువ్వు తప్పకుండా అడుగుతావు. కవరు చింపి రాస్తున్నాను.

ఆ రోజు పోలీసులకి ఫోను చేసింది నేను. క్లబ్బు గదిలోంచి. తోటల స్థలం ప్రభుత్వం లాగేసుకుంటుందని భయపడ్డానని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది అబద్ధం. పొద్దున లేస్తే అందరూ లేపనం కోసం ఖాళీ సీసాలు పట్టుకుని నీ గేటు దగ్గరికే వెళ్ళేవాళ్ళు. నా గేటు తట్టేవాళ్ళు లేరు. అంతే, ఇంకేం కారణం లేదు.

ఆగస్టులో అతను సీసా తిరిగిచ్చి పూత ఎరువు పోయించిన రోజున నేను ఆ మంచితనం భరించలేక, నాకెందుకు సాయం చేస్తున్నారని కుబీచెక్‌ని అడిగాను. అతను నీళ్ళడబ్బా కింద పెట్టి చెప్పాడు. నేను ఫోను చేస్తున్నప్పుడు పక్క గదిలో విత్తనాలు ఏరుతున్నాడట. మొదటి మాట నుంచీ విన్నాడట. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు, ముఖాన బీరు పడ్డప్పుడైనా ఎందుకు చెప్పలేదు అన్నాను. "ఆవిడకి తోట పోయింది. కోర్టు చుట్టూ తిప్పుతున్నారు. ఆ రోజుల్లో సాయంత్రమైతే ఆవిడ వచ్చి కూర్చునేది మీ ఇంట్లోనే కదండీ. అదీ పోతే ఆవిడ ఎక్కడికెళ్తుంది?" అన్నాడు.

నీకు రాస్తానంటే వద్దన్నాడు. ఈ ఎండాకాలం అంతా అతను చెప్పిన మాటల్లో నేను వినని మాట ఇదొక్కటే.

నువ్వు రాకపోయినా లేపనం సీసాలు నీకు పోస్టులో వస్తాయి. వస్తే మాత్రం ముందు ఆ ఆకుపచ్చ గేటు తట్టు. నా గేటు తట్టాలో వద్దో తరవాత ఆలోచించుకో.