అమ్మ గొట్టంలో కుక్కిన గుడ్డలు

చెల్లీ, నేను కులాసా, నా భయమంతా మీ గురించే.

ఇవాళ గ్యాస్ హీటర్ బాగుచేయడానికి ఒక ఇంటికి వెళ్లాను. "పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది బాబూ, చలికేమో" అంది ఇంటావిడ. చూస్తే పొగగొట్టంలో పావురం గూడు. వాసనైనా లేని విషప్పొగ గదిలోనే ఉండిపోతోంది. వాళ్ల పిల్లి అప్పటికే చచ్చిపోయింది.

వెంటనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. చలిగాలి వస్తోందని అమ్మ మన హీటర్ గొట్టంలో గుడ్డలు కుక్కిందనీ, అందరికీ తలనొప్పులనీ రాశావు కదా. ఇది అందగానే హీటర్ ఆపేసి, కిటికీలు తెరిచి, నీ చంటిదాన్ని ఎత్తుకుని అమ్మతో బయటికి వచ్చెయ్యి. గుడ్డలు లాగేదాకా మళ్లీ వెలిగించొద్దు, అమ్మ తిట్టినా సరే. చంటిది పాలు తాగుతోందా?

అమ్మకు నమస్కారం, మీ ఇద్దరికీ దీవెనలు.

పోస్టుమాన్ అన్నా, కార్డే కదా, ఎలాగూ ఇది చదివే ఉంటావు. పిలిస్తే ఎవరూ పలక్కపోతే తలుపు పగలగొట్టు.